అతుకు సంగతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఫొటోలూ అందాయి. ఉద్యోగం మానేసి పూర్తిగా మిశ్రమ మాధ్యమంలోనే, అంటే రంగులతో పాటు కాగితం, గుడ్డ, లోహం లాంటివి కలిపి చేసే కళలోనే, పని చేయాలనుకుంటున్నానని రాశావు. ఆ నిర్ణయం కంటే ముందు, ఫొటోల్లో కనిపించిన జిగురు గురించి చెప్పాలి.

నా తొలి ప్రదర్శనలో అమ్ముడుపోయిన బొమ్మ ఒకటి పదకొండేళ్ల తర్వాత కొన్నవారి చేతుల మీదుగానే తిరిగి వచ్చింది. తైలవర్ణం మీద నేను తొందరపడి పూసిన అక్రిలిక్ (నీటితో కలిపే ప్లాస్టిక్ రంగు) పొర, అంచున గోరు ఆనించగానే పాము కుబుసంలా లేచి వచ్చింది. అక్రిలిక్ మీద తైలవర్ణం నిలుస్తుంది గానీ, నూనె పొర మీద అక్రిలిక్ పట్టు దొరకదని అప్పటికి నాకు తెలియదు. పక్కనే అతికించిన వార్తాపత్రిక ముక్కలు, చవక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థానికి వెలుతురూ గాలీ సోకడం వల్ల, పసుపెక్కి పెళుసుబారాయి. డబ్బు తిరిగి ఇచ్చేశాను. బొమ్మ మాత్రం ఇప్పటికీ నా పనిగదిలోనే ఉంది.

1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్‌ను చిత్రంలో అతికించి, చుట్టూ తాడు బిగించిన నాటి నుంచి ఈ అతుకుల బాధ కళాకారులకు ఉన్నదే. అమెరికన్ శిల్పి ఎవా హెస్సే 1960ల చివర్లో లేటెక్స్‌తో, అంటే రబ్బరు పాలతో, చేసిన శిల్పాలు కొన్ని ఇప్పుడు రంగు మారి, గట్టిపడి, ప్రదర్శనకు పెట్టలేని స్థితికి చేరాయి. అయితే ఆ పదార్థం నిలవదని ఆమెకు తెలుసు. నాకు తెలియదు, అంతే తేడా.

కాబట్టి కొత్త పదార్థం ఏది చేతికి వచ్చినా, నువ్వు వాడబోయే జిగురుతోనే ఒక అట్టముక్క మీద అతికించి, సగం నల్ల కాగితంతో కప్పి, ఆరు నెలలు కిటికీలో ఉంచి చూడు. ఆమ్లం లేని కాగితమూ, తటస్థ పీవీఏ జిగురూ (ఆమ్లగుణం లేని తెల్ల జిగురు) ఖరీదు ఎక్కువైనా వాటినే వాడు. ప్రతి బొమ్మకూ ఏ పొర కింద ఏది ఉందో, ఏ తేదీన వేశావో నోటుబుక్కులో రాసుకో. రేపు మరమ్మతు చేసేవారు మొదట అడిగేది అదే. ఎవరో తీసిన ఫొటోను వాడేటప్పుడు హక్కుల సంగతి కూడా అందులోనే రాయి.

ఇక ఉద్యోగం. చాలా గ్యాలరీలు అమ్మకం ధరలో సగం దాకా తీసుకుంటాయి, అమ్మకాలు కూడా వరసగా ఉండవు. తలగడ మీదా బొంత మీదా రంగు పోసి 1955లో ‘బెడ్’ చేసిన అమెరికన్ కళాకారుడు రౌషెన్‌బర్గ్ కూడా ఆ రోజుల్లో తోటి చిత్రకారుడు జాస్పర్ జాన్స్‌తో కలిసి దుకాణాల అద్దాల కిటికీలు అలంకరించి బతికాడు. వారానికి రెండు పూటలైనా జీతం వచ్చే పని ఉంచుకో. అందులో చిన్నతనమేమీ లేదు.

నీ మూడో ఫొటోలోని తుప్పు తాళం అంత బరువు జిగురుతో ఆగదు. తుప్పు గీకి, మైనం పట్టించి, కాన్వాసు వెనక చెక్కపలక వేసి, రాగి తీగతో రెండు చోట్ల బిగించు. బిగించాక వెనకవైపు ఫొటో కూడా తీసి పంపు.

ఇట్లు,
నీ పెద్దనాన్న