టీవీకి కలిపే గేమింగ్ పీసీకి బజైట్ వేయండి

అన్నా, పిల్లలు స్టీమ్ గేమ్‌లు ఆడుకోవాలి, మీరు మాత్రం వారం వారం పీసీ బాగుచేస్తూ కూర్చోకూడదు, అంతేగా? అయితే బజైట్ వేయండి. విండోస్ బదులు వేసుకునే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇది, ఫెడోరా అనే లినక్స్ మీద కట్టారు, గేమ్‌లు కొని ఆడే స్టీమ్ యాప్ ముందే ఉంటుంది. సిస్టమ్ ఫైళ్లు రీడ్-ఓన్లీ, అంటే మామూలుగా మార్చడానికి వీల్లేనివి, కాబట్టి పిల్లలు ఏం నొక్కినా అంత తేలిగ్గా పాడవదు. అప్‌డేట్ మొత్తం ఒకే ఇమేజ్‌గా (సిస్టమ్ అంతా ఒకే ప్యాకేజీగా) వెనకాల దిగి, రీస్టార్ట్ చేసినప్పుడు అమల్లోకి వస్తుంది. తేడా కొడితే బూట్ మెనూలో పాత వెర్షన్‌ను ఎంచుకుంటే చాలు, టెన్షన్ ఉండదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డయితే డ్రైవర్‌తో కలిపి వేరే ఇమేజ్ ఇస్తారు, అది చూసి దించుకోండి. అన్నీ మనమే సెట్ చేసుకోవాల్సిన ఆర్చ్ లినక్స్ జోలికి వెళ్లకండి, మీకు అంత తీరిక లేదు.

ఒకటి మాత్రం పిల్లలకి ముందే చెప్పండి: వాలొరంట్, ఫోర్ట్‌నైట్ లినక్స్‌లో నడవవు, ఆటలో మోసాన్ని పట్టే వాటి యాంటీ-చీట్ ఒప్పుకోదు. మిగతా గేమ్‌లను ప్రోటాన్‌డీబీలో (ఏ గేమ్ లినక్స్‌లో ఎలా నడుస్తుందో చెప్పే సైట్) వెతికి చూశాకే విండోస్ తీసేయండి.