మండలం లెక్క కుదిరితే జనాభా గ్రిడ్ మ్యాప్‌ను నమ్మొచ్చా?

తుఫాను షెల్టర్లు ఎక్కడ కట్టాలో తేల్చడానికి మీరు వరల్డ్‌పాప్ మ్యాప్ తీసుకున్నారు. అది నేలను 100 మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఎంతమంది ఉంటారో అంచనా చూపే మ్యాప్. 2011 మ్యాప్‌లో మీ మండలం మొత్తం సెన్సస్‌తో సరిపోయింది కాబట్టి నమ్మొచ్చా అని అడిగారు. ఆ ఒక్క పోలికతో నమ్మకండి.

ఈ మ్యాపుల్లో ఎవరూ గడి గడికీ వెళ్లి మనుషుల్ని లెక్కపెట్టరు. సెన్సస్ మొత్తాన్ని తీసుకుని, ఇళ్లు, రోడ్లు, రాత్రి వెలుతురు వగైరా చూసి గళ్లకు పంచుతారు. ఏ స్థాయి అంకె పంచారో ఆ స్థాయిలో మళ్లీ కూడితే అదే అంకె వస్తుంది. అందుకని ముందు ఏ స్థాయి లెక్క వాడారో డాక్యుమెంటేషన్‌లో చూసి, అంతకంటే చిన్న స్థాయిలో పోల్చండి. మనకు 2011 సెన్సస్‌లో ఊరి వారీ జనాభా ఉంది, అదే మంచి గీటురాయి. ఊళ్లను పేర్లతో కాకుండా సెన్సస్ కోడ్‌తో కలపండి. 2022లో ఆంధ్రలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాక పాత పట్టికలు, కొత్త హద్దులు కలవవు.

నేను గోదావరి డెల్టా ఊళ్లతో ఇలా పోల్చినప్పుడు సగటు తప్పు కంటే, తప్పు ఎక్కడ పడిందన్నదే ఎక్కువ చెప్పింది. నేలంతటికీ ఎంతో కొంత పంచే రకం మ్యాప్‌లో చేపల చెరువుల గట్ల మీద కూడా జనం కనిపిస్తారు. ఆ మేరకు ఊరి నడిబొడ్డు పలచబడుతుంది. కట్టడాలున్న గళ్లకే పంచే రకంలో ఆ బాధ తక్కువ, కానీ పొడవాటి కోళ్ల షెడ్డు కూడా ఇల్లే అవుతుంది. పెద్ద చెట్ల కింద నాలుగు కప్పులున్న పేట సున్నాగా మిగలొచ్చు. షెల్టర్ల విషయంలో నాకు అన్నిటికంటే భయం ఈ సున్నాలే. ఆర్‌ఎమ్‌ఎస్‌ఈ (అన్ని ఊళ్ల తప్పుల్నీ కలిపి ఒకే అంకెగా చెప్పే కొలత) ఒక్కటే చూస్తే అవి దొరకవు, పెద్ద ఊళ్ల తప్పులే దాన్ని నడిపిస్తాయి. ప్రతి ఊరికీ శాతంలో తేడా తీసి, మ్యాప్ మీద రంగులేసి చూడండి.

ల్యాండ్‌స్కాన్ అనే మరో జనాభా గ్రిడ్ మ్యాప్‌తో పోల్చి తేడా వచ్చిందని కంగారు పడొద్దు. అది 24 గంటల సగటున మనుషులు ఎక్కడుంటారో చెబుతుంది, సెన్సస్ నివాసం చెబుతుంది. షెల్టర్‌కు మీకు కావలసింది రాత్రి ఇంట్లో ఉండే జనం.

ఆఖరుగా, సున్నా వచ్చిన గళ్లను ఉపగ్రహ చిత్రంతో పోల్చి, అనుమానం ఉన్న చోట ఆ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. ఏ పేటలో ఎన్ని ఇళ్లున్నాయో ఆమెకు తెలుస్తుంది.