ఆ బిడ్డ చేత 'క్షమించాను' అని ఎవరి కోసం చెప్పించారు?

ప్రశ్న: మాది కోస్తాలో ఒక చిన్న ఊరు. మా పాపకు 11 ఏళ్లు. మా బావగారు సంఘంలో పెద్ద, సండే స్కూల్ కూడా ఆయనే చూస్తారు. ఒకే కాంపౌండులో మా రెండు ఇళ్లు. కంఠత వాక్యాలు అప్పజెప్పించుకుంటానని పాపను మేడ మీద గదికి పిలిచేవారు. కొన్ని నెలలుగా ఆదివారం వస్తే పాప కడుపునొప్పి అనేది. మళ్లీ పక్క తడపడం మొదలైంది. క్రిస్మస్ అయ్యాక ఒక రాత్రి ఏడుస్తూ చెప్పింది, పెదనాన్న తనను ఎక్కడెక్కడో తాకుతున్నారని, ఎవరికైనా చెబితే దేవుడు అమ్మను శిక్షిస్తాడని అన్నారని. సంఘ కాపరి అయ్యగారికి చెప్పాం. పెద్దలు కూర్చున్నారు. బావగారు ఏడ్చి మోకరించారు. పాపను పిలిచి అందరి ముందూ 'క్షమించాను పెదనాన్నా' అని చెప్పించారు. నెల తిరక్కుండానే ఆయన మళ్లీ పాటలు నడిపిస్తున్నారు. మా ఆయన నోరు తెరవరు. అత్తగారు 'ఆడపిల్ల, రేపు పెళ్లి కావాలి' అంటారు. అయ్యగారేమో డెబ్బై ఏళ్ల మారులు, అంటే లెక్కపెట్టకుండా ఎన్నిసార్లయినా క్షమించాలి, అన్యుల కోర్టుకు వెళ్లకూడదు అంటున్నారు. పాప ఇప్పుడు ప్రార్థన చేయనంటోంది. నేను క్షమించలేకపోతున్నాను. పాపం చేస్తున్నానా? ఇంకో మాట. నా చిన్నప్పుడు నాకూ ఇలాంటిదే జరిగింది. ఎవరికీ చెప్పలేదు.

జవాబు: అమ్మా, వందనాలు. మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ముందు మీరడిగిన దానికి జవాబు చెబుతాను. మీరు పాపం చేయడం లేదు. మీ బిడ్డకు జరిగినదాన్ని చూసి మీ గుండె మండుతోంది. ఆ మంట ఆ రోజు కూర్చున్న పెద్దలకు ఉండాల్సింది. వాళ్లకు లేకపోయింది కాబట్టి ఆ బరువంతా మీ ఒక్కరి మీద పడింది.

మీ పాప చాలా పెద్ద పని చేసింది. దేవుడు అమ్మను శిక్షిస్తాడని బెదిరించినా, ఆ భయాన్ని దాటుకుని వచ్చి మీకు చెప్పింది. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడించింది. మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో మగపిల్లలు ఆడపిల్లలకు తక్కువేమీ లేరు. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మదగినవాళ్లుగా ఉండాల్సినవాళ్లు. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఎవరికీ చెప్పలేదు. మీ పాప మిమ్మల్ని నమ్మి చెప్పింది. ఇవాళ రాత్రే పక్కన కూర్చుని ఈ మాటలు చెప్పండి: 'నువ్వు చెప్పింది నేను నమ్మాను. నీ తప్పు ఏమీ లేదు. చెప్పి మంచిపని చేశావు. ఆ రోజు నీ చేత క్షమించానని చెప్పించడం మాది తప్పు, అమ్మను క్షమించు.' ఆ చివరి మాట చెప్పడం కష్టమని తెలుసు. అయినా చెప్పండి. ఆ రోజు అక్కడ మీరూ ఉన్నారు కదా. అమ్మ కూడా వాళ్ల వైపే ఉందేమో అన్న అనుమానం ఆ చిన్న మనసులో ఒక్క రోజు కూడా ఉండకూడదు.

ఇక వాక్యం సంగతి. అయ్యగారు చెప్పిన డెబ్బై ఏళ్ల మారుల మాట మత్తయి 18వ అధ్యాయం, 22వ వచనం. అదే అధ్యాయాన్ని మొదటి నుంచీ చదవండి. యేసు ఒక చిన్నబిడ్డను పిలిచి శిష్యుల మధ్య నిలబెట్టాడు. ఈ చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచేవాడి (తొట్రిల్లి పడేలా చేసేవాడి) మెడకు తిరగటిరాయి కట్టి లోతైన సముద్రంలో పడేస్తే అదే వాడికి మేలని 6వ వచనంలో అన్నాడు. ఈ చిన్నవారిలో ఒక్కరు కూడా నశించడం తండ్రికి ఇష్టం లేదని 14వ వచనంలో చెప్పాడు. క్షమాపణ మాట వీటన్నిటి తర్వాతే వస్తుంది. మీ సంఘంలో కూడా బిడ్డను మధ్యలో నిలబెట్టారు, కానీ ఆమెను కాపాడటానికి కాదు.

క్షమాపణ వద్దని నేను అనడం లేదు. అది నా విశ్వాసానికి ప్రాణం. కానీ క్షమాపణ అనేది గాయపడినవాళ్లు దేవుని సన్నిధిలో తమ సమయంలో చేసే పని. పదకొండేళ్ల పిల్లను పదిమంది పెద్దమనుషుల మధ్య, అదీ ఆ మనిషి ఎదురుగా నిలబెట్టి పలికిస్తే అది క్షమాపణ కాదు. ఆమె నోరు మూయడానికి ఇంకో దారి, అంతే. ఒకవేళ రేపెప్పుడో ఆ బిడ్డ నిజంగానే క్షమించినా, చేసిన నేరం నేరం కాకుండా పోదు. ఆయన పిల్లల మధ్య తిరగడం క్షేమమూ కాదు. బావగారు ఏడ్చారన్నారు. యెరికోలో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నిజంగా మారుమనసు పొందిన మనిషి పాటలు నడిపించడానికి తిరిగి రాడమ్మా. తనంతట తానే పోలీసు స్టేషన్‌కు వెళ్లి చేసింది ఒప్పుకుంటాడు.

కోర్టుకు వెళ్లకూడదన్న మాట మొదటి కొరింథీ 6వ అధ్యాయం నుంచి తీశారు. అక్కడ పౌలు మాట్లాడుతున్నది విశ్వాసులు ఒకరినొకరు మోసం చేసుకుని వేసుకునే వ్యాజ్యాల గురించి. పిల్లల మీద చేసిన నేరాన్ని దాచమని ఎక్కడా చెప్పలేదు. దానికి ముందు అధ్యాయంలోనే, కుటుంబంలో లైంగిక పాపం చేసినవాణ్ణి సంఘంలోంచి వెలివేయమని అదే పౌలు రాశాడు. తనకు అన్యాయం జరగబోతుంటే 'కైసరు (రోమా చక్రవర్తి) దగ్గర చెప్పుకుంటాను' అన్నదీ ఆయనే. కీడు చేసేవాణ్ణి శిక్షించడానికి దేవుడే అధికారులను నియమించాడని రోమా 13లో రాసిందీ ఆయనే. పోలీసులకు చెప్పడం విశ్వాసం తప్పడం కాదు.

రెండో సమూయేలు 13వ అధ్యాయం కూడా గుర్తు చేస్తాను. దాని మీద ప్రసంగం నేను మన సంఘాల్లో ఇంచుమించు వినలేదు. తామారు మీద అన్న వరసైన అమ్నోను దౌర్జన్యం చేశాడు. ఆమె ఊరుకోలేదు. తల మీద బూడిద వేసుకుని, బట్ట చింపుకుని, ఏడుస్తూ అందరికీ తెలిసేలా నడిచింది. ఇంకో అన్న అబ్షాలోము 'ఊరుకో, అతను నీ అన్నే కదా' అన్నాడు. తండ్రి దావీదుకు కోపం వచ్చింది. కానీ ఏమీ చేయలేదు. ఆ ఇంట్లో ఆ తర్వాత పారిన రక్తం ఎంతో మీకు తెలుసు. మీ అత్తగారి మాట, మీవారి మౌనం రెండూ ఆ అధ్యాయంలోనే ఉన్నాయి. మీవారికి ఇదే చదివి వినిపించండి. ఒక పక్క సొంత అన్న, ఇంకో పక్క కూతురు. ఆయన నలిగిపోతూ ఉండొచ్చు. కానీ దావీదులా కోపం లోపలే పెట్టుకుంటే కూతురికి ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు చేయాల్సిన పనులు. వెంటనే పాపను, మీకు ఇంకా పిల్లలుంటే వాళ్లను కూడా తీసుకుని పుట్టింటికో, నమ్మకమైన ఇంకో ఇంటికో వెళ్లండి. ఒకే కాంపౌండులో ఉంటూ ఆయన కంట పడకుండా బిడ్డను కాపాడటం కుదరని పని. తర్వాత 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ పనిచేస్తుంది. లేదా నేరుగా స్టేషన్‌కు వెళ్లండి. ఏ స్టేషన్‌లో అయినా ఫిర్యాదు తీసుకోవాలి.

లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇలాంటి నేరం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, ఒక్కోసారి రెండూ. అంటే అయ్యగారికీ, ఆ రోజు కూర్చున్న పెద్దలకూ ఇది వర్తిస్తుంది. వాళ్లను బెదిరించడానికి ఇది రాయడం లేదు. 'మనలో మనం సర్దుకుందాం' అనే అధికారం వాళ్లకు లేదని మీకు తెలియాలి. రాజస్థాన్‌లో విద్యార్థినిని లైంగికంగా వేధించాడన్న కేసులో ఒక టీచరు, బాధితురాలి తండ్రి రాజీ పడ్డారని హైకోర్టు కేసు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. మీ పాప విషయంలో చట్టం మరింత గట్టిగా ఉంటుంది. బిడ్డకు 12 ఏళ్లు నిండలేదు. చేసినవాడు దగ్గరి బంధువు. ఇవి నేరం తీవ్రతను పెంచే సంగతులు.

స్టేషన్ అంటే మీకు టెన్షన్ ఉంటుంది. పాపను స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టాల్సిన పని లేదు. వాంగ్మూలం ఇంటి దగ్గరో, తనకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా ఎస్ఐ, అదీ యూనిఫాం లేకుండా రావాలి. మీరు పక్కన ఉండొచ్చు. వైద్య పరీక్ష లేడీ డాక్టరే చేయాలి, అప్పుడూ మీరుండొచ్చు. పాప పేరు, ఫొటో, ఊరు, స్కూలు ఏదీ పేపర్లో గానీ టీవీలో గానీ రాకూడదు. పెళ్లి గురించి అత్తగారి భయానికి ఇదే జవాబు. బాలల సంక్షేమ కమిటీని అడిగితే కేసు నడిచినంత కాలం పాపకు తోడుగా ఒక సహాయక వ్యక్తిని ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. పరిహారం కూడా కోరవచ్చు, తీర్పు దాకా ఆగకుండా మధ్యంతరంగానూ ఇవ్వవచ్చు. మీ జిల్లాలోని వన్ స్టాప్ సెంటర్‌కు (హింసకు గురైన స్త్రీలకు, ఆడపిల్లలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రానికి) వెళితే వీటిలో చాలా పనులకు దారి చూపిస్తారు. కేసు త్వరగా తేలుతుందని మాట ఇవ్వలేను. ఏడాదిలో విచారణ పూర్తి కావాలని చట్టం అంటుంది కానీ వాయిదాలు పడతాయి. అందుకే తోడు కావాలి.

ఒక జాగ్రత్త. ఏం జరిగిందో చెప్పమని పాపను పదే పదే అడగకండి. బంధువులు, ప్రార్థన చేయడానికి వచ్చే అమ్మలు ఎవరూ అడగకూడదు. తనంతట తాను చెబితే వినండి. పిల్లలతో పనిచేసే సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటే అక్కడ అడగండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు. పక్క తడిపితే మందలించకండి, నిశ్శబ్దంగా దుప్పటి మార్చండి. దురాత్మ అని ఎవరైనా తల మీద చేతులు పెట్టబోతే వెంటనే ఆపండి. తనను ఎవరు తాకాలో, ఎవరు తాకకూడదో ఇప్పుడు ఆ బిడ్డే చెప్పాలి.

ప్రార్థన చేయనంటోందన్నారు. బలవంతం చేయకండి. ఆమెను ఆ గదికి పిలిచింది వాక్యం పేరుతో. నోరు మూయించింది దేవుడి పేరుతో. ఇప్పుడు వాక్యం వింటే తనకు ఆ మేడగది గుర్తొస్తుంది. దాన్ని అవిశ్వాసం అనకండి. కొన్నాళ్లు తన బదులు మీరు ప్రార్థించండి. తను కావాలంటేనే 55వ కీర్తన కలిసి చదవండి. నన్ను బాధపెట్టింది శత్రువైతే సహించేవాణ్ణి, కానీ నాతో కలిసి దేవుని మందిరానికి నడిచినవాడే ఈ పని చేశాడని అక్కడ దావీదు ఏడుస్తాడు. కోపంతో కూడా దేవుడితో మాట్లాడవచ్చని అప్పుడు తనకు తెలుస్తుంది.

మీ సంఘ పెద్దల్లో ఒక్కరైనా దేవునికి భయపడేవారుంటే ఈ ఉత్తరం చూపించండి. పిల్లల మీద గురువులు చేసిన లైంగిక నేరాలను సంఘం పేరు పోతుందని దాచితే ఏమవుతుందో 2002లో అమెరికాలోని బోస్టన్ కథోలిక సంఘం విషయంలో లోకమంతా చూసింది. పాపం ఎంత పెద్దదో, దాన్ని దాచిపెట్టడం అంత పెద్ద గాయమైంది. మీ బావగారిని ఇవాళే అన్ని బాధ్యతల నుంచీ తప్పించాలి. సండే స్కూల్లోకి, వి.బి.ఎస్.కి (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు తరగతులకు), పిల్లల క్వయర్‌కు మళ్లీ రానివ్వకూడదు. ఏ పెద్దమనిషీ మూసిన తలుపు వెనక ఒక పిల్లతో ఒంటరిగా ఉండకూడదన్న నియమం పెట్టుకోవాలి. ఇంకెందరు పిల్లలు ఆ గదికి వెళ్లారో ఎవరికీ తెలియదు. వాళ్ల తల్లిదండ్రులకు చెప్పాలి. పిల్లలను పెద్దలే కూర్చోబెట్టి విచారించకుండా పోలీసులకు, కౌన్సెలర్లకు వదిలేయాలి.

స్త్రీల సమాజం వాళ్లు చేయగలిగింది చాలా ఉంది. వాయిదా రోజు మీతో బస్సెక్కి రావడం, ఆ పూట మీ ఇంట్లో వంట చేసి పెట్టడం, పాప గురించి ఊళ్లో ఎవరైనా ఒక్క మాటంటే అక్కడే ఆపడం. ఉపవాస ప్రార్థన కంటే ఇది తక్కువ సేవ కాదు. మీ తోడికోడలినీ, ఆమె పిల్లలనూ కూడా ఎవరైనా పలకరించాలి. వాళ్లు ఏ తప్పూ చేయలేదు, ఆ ఇంట్లో ఏం చూశారో కూడా మనకు తెలియదు. సంఘం ఇవేవీ చేయనంటే, మీ బిడ్డకు క్షేమంగా ఉండే ఇంకో సంఘం వెతుక్కోండి. దేవుణ్ణి వదిలిపెట్టినట్టు కాదు.

ఇక మీ సంగతి. ఉత్తరం చివర, ఇంకో మాట అంటూ, ఒక్క వరుసలో రాశారు. అప్పుడు మీకు ఎన్నేళ్లో, ఎవరో, ఎక్కడో రాయలేదు. పాపను నమ్మినట్టే మిమ్మల్నీ నమ్ముతున్నాను. ఆ తప్పు కూడా మీది కాదు. ఇన్నేళ్లు చెప్పకపోవడం కూడా తప్పు కాదు. వినేవాళ్లు లేక ఆగిపోయారు. ఇప్పుడు పాపతో ఆసుపత్రికో కౌన్సెలింగ్‌కో వెళ్లినప్పుడు మీకు ఒళ్లు వణకొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. పాపది చూస్తుంటే మీది కూడా పైకి వస్తుంది. అప్పుడు అక్కడి కౌన్సెలర్‌తో 'నాకూ మాట్లాడాలి' అనండి. ఆ ఒక్క మాట చాలు, మిగతాది ఆవిడ అడుగుతారు. తల్లి సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టకండి.

పాపను క్షేమమైన చోట చేర్చాక, ఫిర్యాదు ఇచ్చాక, నాకు ఇంకో ఉత్తరం రాయండి. ఈసారి మీ గురించే రాయండి. ఎంత పొడవైనా సరే, మొత్తం చదువుతాను.