అమ్మాయి టైమింగ్ తగ్గడం లేదు, ఈత మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. 100 మీటర్ల ఫ్రీస్టైల్ నిరుడు 1 నిమిషం 10 సెకన్లలో ఈదింది. పెద్దమనిషి అయ్యాక పది నెలలుగా ఒక్క సెకను కూడా తగ్గలేదు. అప్పుడు తన వెనక వచ్చిన అబ్బాయిలు ఇప్పుడు దాటిపోతున్నారు. కోచ్ అన్నం తగ్గించమంటున్నారు. ఈత మాన్పించి ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చమంటారా?
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఈ ఒక్క ఏడాది టైమింగ్ చూసి మాత్రం మాన్పించకండి.

ఆడపిల్లలు సాధారణంగా 11, 12 ఏళ్లప్పుడు ఒక్కసారిగా పొడవు సాగుతారు. మగపిల్లలకు అది దాదాపు రెండేళ్లు ఆలస్యం. నిరుడు మీ అమ్మాయి ముందుండటానికి అదీ ఒక కారణమే. ఇప్పుడు ఆ అబ్బాయిలకు హార్మోన్ల వల్ల కండ పడుతోంది. వాళ్లతో పోల్చి పిల్లను బాధపెట్టొద్దు. తన ఒంట్లోనూ తుంటి వెడల్పవుతుంది, కొవ్వు చేరుతుంది, నీళ్లు ఇంకాస్త అడ్డుపడతాయి. చేతులు పొడవైనంత త్వరగా వాటికి బలం రాదు. చిన్న ఒంటితో నేర్చుకున్న స్ట్రోక్‌ను, అంటే చేతులు వేసే తీరును, పెద్ద ఒంటితో మళ్లీ సర్దుకోవాలి.

ఓపిక ఎందుకు పట్టాలో ఒక ఉదాహరణ చెబుతాను. స్వీడన్ స్విమ్మర్ సారా ష్యోస్ట్రోమ్ 14 ఏళ్లకే, 2008లో, 100 మీటర్ల బటర్‌ఫ్లైలో యూరప్ చాంపియన్ అయింది. ఒలింపిక్ పతకం మాత్రం 2016 రియో దాకా రాలేదు. ఆ తర్వాత 2024 పారిస్‌లో, 30 ఏళ్ల వయసులో, రెండు స్వర్ణాలు గెలిచింది.

ఈసారి పూల్‌కి వెళ్లినప్పుడు స్టాప్‌వాచ్ పక్కన పెట్టి, గట్టు మీద నిలబడి 50 మీటర్లకు ఎన్ని స్ట్రోకులు వేస్తోందో లెక్కపెట్టండి, ఒక్కో చేయి వేయడం ఒక్కో స్ట్రోక్. నెలకోసారి పుస్తకంలో రాసుకోండి. టైమ్ అదే ఉన్నా 48 కాస్తా 45 అయిందంటే, ఒక్కో స్ట్రోక్‌కు ఎక్కువ దూరం వెళ్తోందన్నమాట. నా దృష్టిలో ఇప్పుడు చూడాల్సిన ప్రోగ్రెస్ ఇదే.

అన్నం తగ్గించే మాటకు మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. ఎదిగే పిల్ల, పైగా గంటల తరబడి ఈదుతోంది. పీరియడ్స్ మొదలయ్యాక ఐరన్ కూడా తగ్గిపోవచ్చు. అలసటగా ఉంటే డాక్టర్ని అడిగి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్తపరీక్ష) చూపించండి. మొదలైన పీరియడ్స్ మూడు నెలలు రాకపోతే తిండి చాలడం లేదేమోనని అనుమానించాలి, అప్పుడు తప్పకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. భుజం నొప్పి అంటే ల్యాప్‌లు పెంచనివ్వకండి.

ఇక చదువు. ఎనిమిదిలో ఫౌండేషన్‌లో చేరకపోతే కొంపేం మునిగిపోదు. స్కూల్ లెక్కలు, సైన్స్ గట్టిగా ఉంటే చాలు. పొద్దున ఒక సెషన్ ఉంచి, సాయంత్రం చదువుకు వదిలేయండి. పదో తరగతి అయ్యాక మళ్లీ ఆలోచిద్దాం. అప్పటికి ఎదుగుదల చాలావరకు నిలకడకు వస్తుంది, తనకేం కావాలో తనే చెప్పగలదు. ఈలోగా తనే ఇష్టం లేదంటే అది వేరే సంగతి, అప్పుడు బలవంతపెట్టకండి.

రేపే కోచ్‌ని విడిగా కలవండి. పిల్ల ముందు, తోటి పిల్లల ముందు దాని బరువు మాట ఎత్తొద్దని చెప్పండి.