సమాధానం: బాబు ఫిజియోథెరపీకి గుంటూరు తిరగలేకపోతున్నాం

అమ్మా, ఆరేళ్ల బాబుకు సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల ఒంటి కదలికలు అదుపులో ఉండకపోవడం), వారానికి రెండుసార్లు బస్సులో గుంటూరు ఎత్తుకెళ్లడం నా వల్ల కావట్లేదన్నారు కదా. ముందు మీ మండలంలో భవిత కేంద్రం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం, ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. ఫిజియోథెరపిస్టు అక్కడికి ఏ రోజు వస్తారో కనుక్కుని వెళ్లి, వ్యాయామాలు మీ చేత చేయించి నేర్పమనండి.

అసలు పని ఇంట్లోనే. మా అక్క కూతురికి పెరట్లో గుంజలు పాతి, దాని నడుం ఎత్తులో రెండు వెదురు గడలు పక్కపక్కన కట్టాం. గణుపులు చెక్కి, పాత చీర పేలికలు చుట్టాం. రోజూ సాయంత్రం వాటిని పట్టుకుని నాలుగడుగులు. గడల మధ్య ఎడం మాత్రం థెరపిస్టునే చెప్పమనండి. మేం సొంత తెలివితో ఎక్కువ పెట్టి పిల్లకి భుజాల నొప్పి తెప్పించాం.

సదరం (వైకల్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్ష) స్లాట్ సచివాలయంలో బుక్ చేయించారా? వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే నెలకు 6,000 పింఛనుకు పెట్టుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా కూడా చూడండి, లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులతో సహా. చాలామందికి దీని సంగతే తెలీదు.

బాబు ఆసరా లేకుండా కూర్చోగలడా? అది రాయలేదు. చెబితే కుర్చీ సంగతి చూద్దాం.