లింక్ పెట్టే ముందు కొంగు తిప్పి చూడు

చిన్నీ,

నిన్న రాత్రి పదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ టైమ్‌లో ఫోన్ మోగితే ఎవరికేమైందో అని నాకు కాళ్లు వణుకుతాయని నీకు తెలుసుగా. తీరా చూస్తే, "అక్కా, ఇది ఉద్యోగం మానేసి చీరల వీడియోలు పెట్టి కమీషన్ మీద బతుకుతుందట" అని ఒకటే ఏడుపు. ఫోన్ పెట్టేశాక నీ పేజీ తెరిచి వరసగా పదకొండు వీడియోలు చూశాను. కుచ్చిళ్లు చూపించే తీరు చాలా బాగుంది, మాట స్పీడ్ మాత్రం కాస్త తగ్గించు, నాకే సగం అర్థం కాలేదు. గర్వంగా ఉంది. ఈ సంగతి మీ అమ్మకి చెప్పకు. భయంగానూ ఉంది, అందుకే వాయిస్ మెసేజ్ పెట్టకుండా కూర్చుని రాస్తున్నా. వాయిస్ అయితే తిట్లతో మొదలుపెట్టేదాన్ని.

తెలిసినవే కాబట్టి గబగబా చెప్పేస్తా. ఫాలోవర్లను కొనకు. షాపువాళ్లు అడిగేలోపే నీ రీచ్, అంటే వీడియోలు ఎంతమంది చూస్తున్నారో ఆ లెక్క, స్క్రీన్‌షాట్ పంపు, తక్కువున్నా సరే. పోటీ షాపులు రెండిటితో ఒకే వారం పని చేస్తుంటే ఇద్దరికీ ముందే చెప్పు. ఇది డబ్బు తీసుకుని చేస్తున్న వీడియో అని మొదట్లోనే చెప్పు. ఇరవై హాష్‌ట్యాగ్‌ల కింద దాచడం కుదరదని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే రూల్ పెట్టింది. వీడియో ఏ భాషలో ఉంటే ఆ మాటా ఆ భాషలోనే ఉండాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది. ఇక అమెజాన్ లింకుల సంగతి. నీ లింక్ నొక్కినవాళ్లు 24 గంటల్లోపు కొనేవాటికి, కార్టులో వేసుకునేవాటికే నీకు లెక్క. ఆ లింక్ మీద నీకోసం నువ్వు కొనుక్కున్నా, మీ అమ్మకోసం నువ్వు ఆర్డర్ పెట్టినా కమీషన్ రాదు. నీ చేత ఒక కుక్కర్ తెప్పించుకుంటే నీకు కలిసొస్తుందనుకున్నా, మానేశాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ పెద్దనాన్నకి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

2018 దసరా ముందు. నా వాట్సాప్ గ్రూపులో అప్పటికి నూటముప్పై మంది ఉండేవాళ్లు, ఒక్కొక్కరూ తెలిసినవాళ్లో, తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లో. ఒకతను ఇంటికొచ్చి మచ్చుకి పోచంపల్లి సీకో చీర, అంటే పట్టూ నూలూ కలిపి నేసింది, చూపించాడు. అసలు సరుకే, వంక పెట్టడానికి లేదు. స్టాక్ పెట్టుకోనక్కర్లేదు, నేను గ్రూపులో ఫొటోలు పెడితే చాలు, పార్సిల్ తనే నేరుగా పంపుతాడట, చీరకి 300 నాకు. చీర 4,200. మనవాడే, మనూరి పక్కవాడే, కాగితాలెందుకు అనుకున్నాను. మిగతా చీరల ఫొటోలు ఫోన్‌లోనే వచ్చాయి. వాటి కింద "నేను స్వయంగా చూసి చెబుతున్నా, కళ్లు మూసుకుని తీసుకోండి" అని రాశాను. నేను చూసింది ఒక్కటే, చిన్నీ. చెప్పింది అన్నిటికీ.

పద్నాలుగు చీరలు పోయాయి. పండగైన మూడో రోజున ఖమ్మంలో ఉండే టీచరమ్మ ఒక ఫొటో పంపింది. కొంగు మడిచి వెనక వైపు చూపించింది. ముందువైపు మెరూన్ రంగు నిండుగా ఉంది, వెనక వెలిసిపోయినట్టు తెల్లగా ఉంది. నీకు తెలుసో లేదో, పోచంపల్లిలో ముందు నూలుకి ముడులు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. రంగు పోగులోకే దిగుతుంది కాబట్టి రెండు వైపులా ఒకటే, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. ఈ చీర మీద గీతలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. అచ్చు వేసిన బట్ట. స్కూల్లో తోటి టీచర్, వాళ్లది నేతపని ఇల్లట, అందరి ముందూ కొంగు తిప్పి చూపించిందట.

నేనేం చేశానో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. "నేను ఫొటోలు మాత్రమే పెట్టాను మేడమ్, అమ్మింది వాళ్లు, వాళ్ల నంబర్ ఇస్తాను" అని పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. తెల్లారి చూస్తే గ్రూపులో చిన్న బూడిదరంగు అక్షరాల్లో ఆవిడ వెళ్లిపోయినట్టు ఉంది. తిట్టినా బాగుండేది.

అతను "రిటర్న్ లేదని చెప్పాగా" అన్నాడు. చెప్పలేదు. లేదని నేనూ నిరూపించలేను, అంతా నోటిమాటే. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. తొమ్మిది మంది వెనక్కిచ్చారు, 37,800 నా చిట్టీ డబ్బుల్లోంచి కట్టాను. పద్నాలుగు చీరలకీ నాకొచ్చిన కమీషన్ అంతా కలిపితే సరిగ్గా ఒక చీర ఖరీదు. మీ పెద్దనాన్న ఒక్క మాట అనలేదు, ఆ నెల బండి సర్వీసింగ్ మానుకున్నాడు. టీచరమ్మ ఖాతాలో కూడా డబ్బు వేశాను. తీసుకుంది, గ్రూపులోకి మాత్రం మళ్లీ రాలేదు.

అందుకే నీ వీడియోలో "ట్రస్ట్ మీ గైస్" అని వినగానే ఒళ్లు మండింది. ఆరు వీడియోల్లో అన్నావు, లెక్కపెట్టాను. ఆ షాపుకి వెళ్లావా? నీ పేరు చెప్పకుండా మామూలు కస్టమర్‌లా ఒకటి తెప్పించుకుని చూశావా? వాళ్లు నీకు పంపే చీర వేరు, నీ కోడ్ కొట్టి కొనేవాళ్లకి వెళ్లే చీర వేరు. మా పిన్ని పేరు మీద ఒకటి, మీ అమ్మ ఫ్రెండ్ పేరు మీద ఒకటి తెప్పించు. ఆ ఖర్చు నేనిస్తా, మొహమాటపడకు. బిల్లులూ ఫొటోలూ దాచుకో. 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన చేసినవాళ్లకి మొదటిసారే పది లక్షల వరకూ జరిమానా ఉంది, అందులో షాపువాళ్లే కాదు, చెప్పినవాళ్లూ వస్తారు. ముందుగా వాకబు చేసే చెప్పానని చూపించగలిగితే నీ మీద పడదు.

నీ పార్ట్‌నర్లు ఎంత దగ్గరివాళ్లయినా సరే, కమీషన్ ఎంత, ఏ తారీఖుకి వేస్తారు, వెనక్కి వచ్చిన చీరకి కమీషన్ కోస్తారా, రిటర్న్ కొరియర్ ఎవరు పెట్టుకుంటారు, ఈ నాలుగూ మెయిల్‌లో రాయించుకో. అడగడానికి నామోషీ అనిపిస్తే "మా పెద్దమ్మ ఊరుకోదు" అని నా మీద తొయ్యి. ఉచితంగా ఇచ్చిన చీరలు ఉంచేసుకుంటున్నావా? ఒకే షాపు నుంచి ఏడాదికి 20,000 దాటితే దాని మీద పది శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, ఉంటుంది, 2022 జూలై నుంచి. షూటింగ్ కాగానే తిరిగిచ్చేస్తే ఆ గోల లేదు.

ఇప్పుడు నేను తెప్పించుకునే నేత కుటుంబం ఎలా దొరికిందో అడుగుతుంటావుగా. మొదటి ఆర్డర్ మీదే అతను ఫోన్ చేసి, "అక్కా, కొంగు దగ్గర ఒకచోట పోగు తెగింది, కనబడదు గానీ ఉంది, పంపమంటావా, ఆపమంటావా?" అన్నాడు. ఆపమన్నాను. పన్నెండు రోజులు ఆలస్యమైంది, కస్టమర్ దగ్గర మాట పడ్డాను కూడా. ఏడేళ్లయింది, ఇంకొకరిని వెతకలేదు. నీ షాపులవాళ్లలో ఒక్కరైనా వాళ్లంతట వాళ్లు ఒక లోపం చెప్పారా అని అడుగుతున్నా, అంతే.

ఉద్యోగం మాత్రం ఆరు నెలలు మానకు. రాత్రిళ్లు ఎడిటింగ్ చేసి అన్నం మానేస్తున్నావని కూడా మీ అమ్మ చెప్పింది, అది వేరే ఉత్తరం.

టీచరమ్మ తిప్పి పంపిన చీర ఇంకా నా బీరువాలో కింది అరలోనే ఉంది. ఆదివారం రా, దాన్నీ అసలుదాన్నీ మంచం మీద పక్కపక్కన పరుస్తా, కళ్లు మూసుకుని చేత్తో పట్టుకుని ఏది ఏదో చెప్పు. ఆ తర్వాత గుత్తివంకాయ వండుతా. వచ్చేటప్పుడు నీ షాపులవాళ్ల మెయిళ్లు ఫోన్‌లో తీసి పెట్టుకుని రా, నా కళ్లద్దాలతో నేనే చదువుతా.

మీ పెద్దమ్మ