కాళ్లు బాగానే ఉన్నాయి డాక్టర్‌గారూ, మనసే ‘ఆగిపో’ అంటోంది!

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. శ్రీకాకుళంలో టీచర్‌ని. కాలేజీ రోజుల్లో 1500 మీటర్ల పోటీల్లో పరిగెత్తేవాణ్ని. చాలా ఏళ్ల తర్వాత గత నెలలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో మళ్లీ మొదలుపెట్టాను. రెండో రౌండ్ పూర్తికాకుండానే ‘ఇక చాలు, ఇంటికి పోదాం’ అనిపిస్తోంది. నొప్పులేమీ లేవు. నా మనసు బలహీనపడిందా?

జవాబు: మనసును తిట్టుకోకండి మాస్టారూ, ముందు మీ స్పీడు చూసుకోండి. కాలేజీనాటి వేగం కాళ్లకు ఇంకా గుర్తుంది. గుండెకు, ఊపిరితిత్తులకు ఆ అలవాటు ఎప్పుడో తప్పింది. పైగా పరుగు అందుకున్న మొదటి రెండు మూడు నిమిషాలు కండరాలు అడిగినంత ఆక్సిజన్ అందదు. అప్పుడే దూకుడుగా వెళ్తే ఆయాసం, దాని వెనకే టెన్షన్. ‘ఆగిపో’ అంటున్నది చాలావరకు మీ ఊపిరే.

అందుకే పది నిమిషాలు చురుగ్గా నడిచాక ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఏడెనిమిది సార్లు, రోజు విడిచి రోజు చాలు. పక్కనుంచి ఎవరో పెద్దాయన వాకింగ్ చేస్తూ మిమ్మల్ని దాటిపోతారు, పోనివ్వండి. ‘ఏంటి మాస్టారూ, ఇవాళ లేటు?’ అని ఆయన అడిగితే ‘రాత్రి పేపర్లు దిద్దుతూ కూర్చున్నానండీ’ అని రొప్పకుండా చెప్పగలగాలి. అదే మీ సరైన స్పీడు.

మళ్లీ ‘చాలు’ అనిపించిందా, వెంటనే ఆగకుండా వేగం సగం తగ్గించండి. ఇంకెన్ని రౌండ్లున్నాయో లెక్కపెట్టొద్దు, ఎదురుగా కనిపించే చెట్టు వరకే అనుకోండి. అక్కడికెళ్లాకా అలాగే ఉంటే నడవండి, తప్పేం లేదు. ఇంకాస్త పరిగెత్తగలను అనిపిస్తుండగానే ముగించి ఇంటికెళ్లండి. ప్రతిసారీ చతికిలబడేదాకా పరిగెత్తేవాళ్లే నెల తిరక్కుండా మానేయడం నేను ఎక్కువగా చూశాను. ఫోన్‌లో కిలోమీటర్లు లెక్కగట్టే యాప్‌ను కొన్నాళ్లు ఇంట్లోనే వదిలేయండి.

మన తీరప్రాంతపు ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. స్కూలు వదిలాక నాలుగింటికి కాకుండా తెల్లవారకముందే వెళ్లండి.

కాళ్లు పట్టేశాయని మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకోవద్దు. మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో చాలామందిని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అవే కారణమని అనడం లేదు గానీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీయగలవు. ఈ జిల్లాలో ఆ విషయంలో నేను కాస్త ఎక్కువే భయపడతాను.

ఛాతీ బిగపట్టడం, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం, కళ్లు తిరగడం మాత్రం మనసు గొడవ కాదు. వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి. పరుగే కాదు, దేని మీదా ఆసక్తి లేకుండా, నిద్ర పట్టకుండా రెండు వారాలు దాటితే దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పండి.

మీ వయసుకు బీపీ, షుగర్, ఈసీజీ ఒకసారి చూపించుకోవాలి. ఊరికే నీరసంగా ఉంటుంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా. రిపోర్టులు డాక్టర్ చూసేదాకా పరుగు పక్కన పెట్టి నడక మాత్రం సాగించండి.